సిలిండర్ ఉంది, కీ ఎక్కడుంది?

గోదావరి మన్యంలోని పీహెచ్‌సీల్లో, ఆ తర్వాత ఒక ఏరియా ఆసుపత్రిలో, మొత్తం 33 ఏళ్లు నర్సుగా చేసి రిటైరైనదాన్ని. మందులు రాసే అధికారం నాకు లేదు. కాబట్టి "సిస్టర్ గారూ, మోకాలికి ఏం వేసుకోమంటారు" అని రాసేవాళ్లు దయచేసి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా చిన్న ఆసుపత్రుల మంచీ చెడ్డల గురించే వచ్చాయి. నాకు నచ్చిన సబ్జెక్టు కదా, మొదటి జవాబు కాస్త పొడుగైంది.

ప్రశ్న: నేను ఏజెన్సీ మండలంలో పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్ని. చేరి ఏడు నెలలైంది. మా మండలం నుంచి అమెరికా వెళ్లి స్థిరపడినవాళ్లు కొందరు కలిసి మా ఆసుపత్రికి పది లక్షల దాకా సామాను ఇస్తామంటున్నారు. వెంటిలేటరా, స్కానింగ్ మిషనా, ఏం కావాలో వారంలో లిస్టు పంపమన్నారు. ఏం అడగమంటారు?

జవాబు: డాక్టర్ గారూ, వారం ఉంది కదా. ఈలోగా ఒక రాత్రి తొమ్మిదింటికి, ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్లండి. డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సుతో, "ఊపిరాడని బిడ్డ వచ్చిందనుకోండి, ఆక్సిజన్ పెట్టండి" అనండి. గడియారం చూస్తూ నిలబడండి. అరవకండి, సాయం కూడా చేయకండి. ఆక్సిజన్ పెట్టేసరికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. మీ లిస్టు అక్కడ మొదలవుతుంది.

ఇది నాకు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. 1991 జూలై. ముసురు పట్టి మూడు రోజులైంది, కరెంటు లేదు. ఏడాదిన్నర పిల్లను తడిసిన దుప్పట్లో చుట్టి తండ్రి ఎత్తుకొచ్చాడు. న్యుమోనియా. డొక్కలు లోపలికి పోతున్నాయి, పెదాలు నేరేడుపళ్లు తిన్నట్టున్నాయి. మా దగ్గర మూలన రెండు సిలిండర్లున్నాయి. ఒకటి నిండుది, ముందు వారమే దించారు. దాన్ని తిప్పే కీ లేదు. గోడకి మేకు ఉంది, ఆ మేకుకి కీ వేలాడాలి, లేదు. ఫార్మసిస్టు బీరువాలో ఉండొచ్చన్నారు. బీరువాకి తాళం. ఫార్మసిస్టు ఇల్లు వాగు అవతల. చివరికి జీపు డ్రైవరు తన పట్టకారు తెచ్చి తిప్పబోతే, అంచులు అరిగి జారిపోతోంది. పాతిక నిమిషాలకి గాలి "స్స్"మంది.

పిల్ల తెల్లారకుండానే పోయింది. ఆక్సిజన్ ముందే అందితే బతికేదని చెప్పలేను, బతికేది కాదనీ చెప్పలేను. ఆ తండ్రి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మేమిచ్చిన పొడి దుప్పటి మడతపెట్టి మంచం మీద పెట్టి, పిల్లను తన తడి దుప్పట్లోనే చుట్టుకుని వెళ్లిపోయాడు.

కీ మూడో రోజు దొరికింది. కిరసనాయిలు డబ్బా మూత తెరవడానికి ఎవరో తీసుకెళ్లారు. ఆ వారం సంతలో మేకను కట్టే గొలుసు ఒకటి కొని, కీని సిలిండర్ మెడకే కట్టేశాను. "సిలిండర్‌కి తాళి కట్టావేంటమ్మా" అని మా డాక్టరు గారు నవ్వారు. ఆ తర్వాత ఎక్కడికి బదిలీ అయినా, చేరిన రోజు నా మొదటి పని అదే.

ఇప్పుడు మీ లిస్టు. వెంటిలేటర్ వద్దు. దాన్ని నడిపే మనిషి 24 గంటలూ మీ దగ్గర ఉండడు. స్కానింగ్ మిషన్ సంగతి అడిగే ముందు, దానికి కావాల్సిన చట్టపు రిజిస్ట్రేషన్, చేయగల డాక్టరు ఉన్నారా చూసుకోండి. నేను అడిగేదాన్నయితే ముందు పల్స్ ఆక్సీమీటర్, అంటే రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చూపే మీటరు, అడిగేదాన్ని. అదీ పసిపిల్లలకి వేసే ప్రోబ్‌తో సహా. పెద్దవాళ్ల వేలికి తగిలించే క్లిప్పు పసిబిడ్డ వేలికి నిలవదు, తప్పు అంకె చూపిస్తుంది, మనం దాన్నే నమ్ముతాం. పిల్లల్లో 90 కంటే తగ్గితే ఆక్సిజన్ పెట్టాలి. పెదాలు నీలం తిరిగేదాకా చూస్తూ కూర్చుంటే ఆలస్యమైపోతుంది, నా కళ్లతో చూశాను.

తర్వాత ఆక్సిజన్ కాన్సెంట్రేటర్. గాలిలోంచే ఆక్సిజన్ తీసి ఇస్తుంది, నింపించే బాధ లేదు. కానీ కరెంటు పోతే ఆగిపోతుంది. అందుకని దానితోపాటు ఇన్వర్టరో సోలారో అడగండి, పక్కన ఒక నిండు సిలిండర్ ఎలాగూ ఉండాలి. వెనకాల స్పాంజి ఫిల్టర్ వారం వారం కడగాలి. ఎవరు కడగాలో పేరు రాసి గోడకి అంటించండి. "అందరూ" అని రాస్తే ఎవరూ కడగరు.

సిలిండర్ లెక్క కూడా మీ స్టాఫ్ నర్సులకి నేర్పండి. నడుము ఎత్తున ఉండే బి టైపు సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్లు. నిమిషానికి 5 లీటర్లు పోతే ఐదు గంటలు వస్తుంది. మీటరు ముల్లు సగంలో ఉంటే రెండున్నర గంటలు. మీ ఊరి నుంచి ఘాట్ రోడ్డు మీద పెద్దాసుపత్రికి మూడు గంటలు పడుతుందనుకోండి, సగం సిలిండర్ పెట్టి అంబులెన్స్ ఎక్కిస్తే దారిలో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఈ లెక్కకి పది లక్షలు అక్కర్లేదు, పలకా బలపం చాలు.

కాన్పు గదికి రెండు అడగండి. పుట్టిన బిడ్డకి ఊపిరి పోసే అంబు బ్యాగ్, 0, 1 సైజు మాస్కులతో. చాలాచోట్ల బ్యాగ్ ఉంటుంది, మాస్కు పెద్దపిల్లలది ఉంటుంది. రెండోది గీతలున్న ప్లాస్టిక్ డ్రేప్. కాన్పు తర్వాత తల్లి కింద పరిస్తే పోయిన రక్తం సంచీలోకి దిగి, ఎన్ని మిల్లీలీటర్లో కనబడుతుంది. మేమంతా కళ్లతో చూసి "ఫరవాలేదు, మామూలే" అనే అనుకునేవాళ్లం. కంటి లెక్క ఎప్పుడూ తక్కువే చెబుతుంది. కెన్యా, నైజీరియా, టాంజానియా, దక్షిణాఫ్రికాల్లో 80 ఆసుపత్రుల్లో ఈ డ్రేప్ వాడి, రక్తం ఎక్కువ పోతున్నట్టు కనబడగానే గర్భసంచి మర్దనా, గర్భసంచి ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్, రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, పరీక్షా అన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా వెంటవెంటనే చేశారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, చావులు అన్నీ కలిపి 60 శాతం తగ్గాయని 2023లో తేలింది. వాళ్లు కొత్త మందేమీ కనిపెట్టలేదు. అన్నీ మన ర్యాకుల్లో ఉన్నవే. అయితే ఆక్సిటోసిన్ ర్యాకులో కాదు, ఫ్రిజ్‌లో ఉండాలి. ఎండాకాలం ట్రేలో పడి ఉన్న ఆంప్యూల్ మీద నాకు నమ్మకం లేదు.

ఇక అమెరికావాళ్లకి ఒక మాట చెప్పండి, వాళ్లు బాధపడకుండా. సామాను అక్కడ కొని పంపొద్దు, డబ్బు పంపితే ఇక్కడే కొందాం అనండి. ఒకసారి ఇలాగే ఎవరో మంచి మనసుతో సక్షన్ మిషన్ పంపారు. కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, ప్లగ్గు పెట్టారు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ఫట్‌మని పొగ. అది అట్టపెట్టెలో స్టోరు రూములో ఇంకా ఉందేమో, ఇన్వెంటరీలో "పనిచేయుచున్నది" అని రాసి ఉంటుంది. పేద దేశాల ఆసుపత్రుల్లో లెక్క తీస్తే యంత్రాల్లో పదికి నాలుగు మూలపడి ఉన్నాయని 2011లో ఒక అధ్యయనం చెప్పింది. నాకేం ఆశ్చర్యం కలగలేదు. ఇక్కడ కొంటే సర్వీస్ ఇంజినీర్ ఇక్కడే ఉంటాడు. అతని ఫోన్ నంబరు మిషన్ మీదే అంటించండి. పది లక్షల్లో రెండు లక్షలు మరమ్మతుకని పక్కన పెట్టమని అడగండి. అది ఎవరూ ఇవ్వరు, ఫొటో రాదు కదా. అయినా అడగండి.

ప్రశ్న: సిస్టరమ్మా, ప్రాణహిత పక్కన ఊళ్లో నేను ఆశా కార్యకర్తని. ఏడో తరగతి దాకా చదువుకున్నా. మా ఊళ్లో ఒక పాప 1,900 గ్రాములతో పుట్టింది. ఆసుపత్రి నుంచి పంపించేశారు. ఇంట్లో అత్తగారు బొగ్గుల కుంపటి పెట్టి, గది మూసేసి పడుకోబెడుతున్నారు. వద్దంటే "నీకేం తెలుసు, నువ్వేమన్నా డాక్టరమ్మవా" అంటున్నారు. ఏం చెప్పాలి?

జవాబు: తల్లీ, కుంపటి ముందు బయట పెట్టించు. మూసిన గదిలో బొగ్గుల పొగ పాపకే కాదు, తల్లికీ ప్రమాదం. కానీ ఊరికే "వద్దు" అంటే ఆ పెద్దామె వినదు. ఆమె ఆలోచనలో తప్పు లేదు, పాపకి వెచ్చదనం కావాలి. వెచ్చదనం ఎక్కడుందో చూపించు. తల్లి జాకెట్టు విప్పి, పాపకి టోపీ, డైపరు తప్ప ఏమీ లేకుండా, రొమ్ముల మధ్య నిలువుగా, కప్పలా కాళ్లు మడిచి, మెడ పక్కకి తిప్పి పెట్టి, చీరతోనో పాత పంచెతోనో గట్టిగా చుట్టెయ్. మెడ ముందుకి వాలకుండా చూడు, ఊపిరికి అడ్డం వస్తుంది. ఎంతసేపంటే, వీలైనంతసేపు. తల్లి స్నానానికి వెళ్లినప్పుడు ఆ అత్తగారినే పెట్టుకోమను. ఒక గంట పాప గుండె తన గుండెకి తగిలాక ఆమే నీ తరఫున ఊరందరికీ చెబుతుంది. నాకిది బాగా పనిచేసిన చిట్కా.

దీన్ని కంగారూ పద్ధతి అంటారు. 1978లో కొలంబియా దేశంలో, బొగోటాలో ఒక ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలక ఒక్కోదాంట్లో ఇద్దరేసి పిల్లల్ని పెడుతుంటే, ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుకుని చనిపోతుంటే, ఎడ్గార్ రే అనే డాక్టరు తల్లుల్నే ఇంక్యుబేటర్లు చేశాడు. గతిలేక మొదలైన పని. ఆ తర్వాత ఇండియాతో కలిపి ఐదు దేశాల్లో పెద్ద ఆసుపత్రుల్లో పరీక్షించి, తక్కువ బరువు పిల్లల్ని పుట్టగానే ఇలా పెడితే నెలలోపు చావులు పాతిక శాతం తగ్గుతాయని 2021లో తేల్చారు. అంటే యంత్రాలున్న చోట కూడా ఇదే మేలు. "పేదల వైద్యం" అని ముక్కు విరవక్కర్లేదు.

ఇక ఏడో తరగతి మాట. నువ్వు ప్రాణహిత ఒడ్డున నిలబడి చూస్తే అవతల కనిపించేది గడ్చిరోలి జిల్లా. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టరు దంపతులు 1986 నుంచి పనిచేస్తున్నారు. 39 ఊళ్లలో, నీలాగే పెద్దగా చదువుకోని ఆడవాళ్లకి పసిబిడ్డల్ని ఇంటి దగ్గర చూసుకోవడం నేర్పారు. బరువు తూయడం, ఊపిరి లెక్కపెట్టడం, జ్వరం చూడటం, అవసరమైతే సూది వేయడం కూడా. మూడేళ్లలో ఆ ఊళ్లలో నెలలోపు పిల్లల చావులు 60 శాతం పైగా తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అంకెలు రాని మంత్రసానుల కోసం వాళ్లు చేసిన ఒక పరికరం నాకు భలే ఇష్టం. ఒక నిమిషం ఇసుక గడియారం, పక్కన పూసలు. పది ఊపిరులకి ఒక పూస జరపాలి. ఎర్ర పూస దాకా వచ్చేలోపు ఇసుక అయిపోతే సరే, ఇసుక ఉండగానే ఎర్ర పూస వస్తే న్యుమోనియా. మన ఇళ్లలో జపమాల తిప్పే ముసలమ్మలు కూడా చేయగలరు.

ఇవాళ నువ్వు ఆసుపత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజులకి ఇంటికెళ్లి చూస్తున్నావే, ఆ పద్ధతికి మూలం నీ నది అవతలే ఉంది. అత్తగారికి ఆ మాట చెప్పు. పాపకి నిమిషానికి 60 ఊపిరులు దాటినా, డొక్కలు లోపలికి పోతున్నా, పాలు పట్టడం మానేసినా, అరికాళ్లు చల్లగా ఉండి ఒంటికి హత్తుకున్నా వేడెక్కకపోయినా, ఇంక ఎవరితోనూ వాదించకు, 108కి ఫోన్ చెయ్. బండిలో కూడా పాపని తల్లి గుండెల మీదే ఉంచి తీసుకెళ్లు. పాప బరువు ఎంతకి వచ్చిందో నాకు రాయి.

ప్రశ్న: మా తమ్ముడు రాత్రి పొలంలో నీళ్లు పెడుతుంటే పాము కరిచింది. పీహెచ్‌సీకి తీసుకెళితే, రక్తం తీసి గాజు గొట్టంలో పోసి, దాన్ని స్టాండులో పెట్టి, సెలైన్ ఎక్కించి 20 నిమిషాలు ఊరికే కూర్చున్నారు. ఆ తర్వాత పాము మందు ఎక్కించి జిల్లా ఆసుపత్రికి పంపారు. దేవుడి దయవల్ల బతికాడు. కానీ ఆ 20 నిమిషాలు వృథా చేశారని మా నాన్న ఇంకా తిడుతున్నారు. కంప్లయింట్ పెట్టాలా?

జవాబు: బాబూ, కంప్లయింట్ మానేసి ఆ స్టాఫ్‌కి ఒక గెల అరటిపళ్లు పట్టుకెళ్లు. వాళ్లు ఊరికే కూర్చోలేదు. కొత్త, శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒకసారి వంచి చూస్తారు. గడ్డకట్టి ఉంటే సరే. నీళ్లలా జారితే విషం రక్తం మీద పనిచేస్తోందని అర్థం, మన పొలాల్లో అయితే సాధారణంగా రక్తపింజర. ల్యాబ్ లేదు, టెక్నీషియన్ లేడు, కరెంటు కూడా అక్కర్లేదు. మధ్యలో వంచి చూసినా, సర్ఫుతో కడిగిన గొట్టం వాడినా, ప్లాస్టిక్‌ది వాడినా ఫలితం తప్పుతుంది. అందుకే స్టాండులో పెట్టి ముట్టుకోకుండా కూర్చుంటారు. మీ నాన్నగారికి అది ఖాళీగా కూర్చోవడంలా కనబడింది. నాకైతే చక్కగా పనిచేసే ఆసుపత్రిలా కనబడుతోంది.

ఒక విషయం మాత్రం గుర్తుంచుకోండి. కట్లపాము కాటుకి రక్తం మామూలుగానే గడ్డకడుతుంది, కాటు కూడా సరిగా తెలీదు. నేల మీద పడుకున్నవాళ్లకి తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, అలా మొదలవుతుంది. అప్పుడు ఈ 20 నిమిషాల పరీక్ష కోసం ఆగరు, రెప్పలు చూసే మందు మొదలుపెడతారు. మందు ఒకటే, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇంకో చిన్న పింజర, నాలుగింటికీ కలిపి. పొడి రూపంలో వచ్చే మందు ఫ్రిజ్ లేని చోట కూడా ఉంచుకోవచ్చు. దీనికి కావాల్సిన విషంలో చాలా భాగం తమిళనాడులో ఇరుళ గిరిజనుల సహకార సంఘం పాముల నుంచి తీసి ఇస్తుంది. మొదట్లో పది సీసాలు ఎక్కించి ఆ తర్వాత పంపడం సరైన పనే. మందు ఎక్కించకుండా "పైకి తీసుకెళ్లండి" అని చీటీ రాసి ఉంటే, అప్పుడు మీ నాన్నగారితోపాటు నేనూ తిట్టేదాన్ని.

ప్రశ్న: నేను ఒక ఉపకేంద్రంలో ఏఎన్ఎంని. మేము వ్యాక్సిన్లు తెచ్చుకునే ఆసుపత్రిలో టీకాలు దాచే ఫ్రిజ్ (ఐఎల్ఆర్)లో ఒకరు రోజూ పాల ప్యాకెట్లు పెడుతున్నారు. వయసులో పెద్దవారు, చెప్పాలంటే మొహమాటం.

జవాబు: పాలు తీయడానికి రోజుకి నాలుగుసార్లు మూత తెరుస్తారు, అదీ ఎండాకాలం. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎక్కువ వేడి తగిలినా పాడే, పెంటావేలెంట్, హెపటైటిస్-బి లాంటివి గడ్డకట్టినా పాడే. వేడి తగిలిందీ లేనిదీ సీసా మీద గుర్తు చెబుతుంది. లోపలి చతురస్రం బయటి వలయం కంటే తెల్లగా ఉంటే వాడొచ్చు, అదే రంగుకి వచ్చినా, నల్లబడినా పారేయాలి. రోజూ రెండు పూటలా ఉష్ణోగ్రత రాసే పుస్తకంలో, అంకె పక్కనే "పాల ప్యాకెట్లు 2" అని కూడా రాయించు. సంతకం పెట్టేది డాక్టరు గారు కదా. మొహమాటం వాళ్లు చూసుకుంటారు. అప్పటికీ ఆగకపోతే ఆ పాలతో స్టాఫ్ అందరికీ టీ పెట్టెయ్, మూడో రోజుకి ప్యాకెట్ రాదు.